హబరి అంటే కబురే

(ఆఫ్రికా దేశాలకు ఉద్యోగాలకు వెళ్తున్న యువతీ యువకుల కోసం మచిలీపట్నంలో చేసిన ప్రసంగం)

సభలో ఉన్న పెద్దలకు షికమో. నా ఈడువాళ్లకు, పిల్లలకు హమ్జాంబో.

ఈ రెండు మాటలూ ఇప్పుడు మీకు అర్థం కాకపోవచ్చు. కాసేపట్లో అర్థమవుతాయి. ఎవరికి ఏ మాట వాడాలో తెలియడమే ఇవాళ్టి పాఠంలో సగం.

నన్ను పిలిచినవాళ్లు "ఆఫ్రికా భాషలో పలకరింపులు నేర్పండి సార్, మా పిల్లలు వెళ్తున్నారు" అన్నారు. ఆఫ్రికా భాష అని ఒకటి లేదండీ. అక్కడ 54 దేశాలున్నాయి, దాదాపు 2000 భాషలున్నాయి. ఒక్క టాంజానియాలోనే 120కి పైగా ఉన్నాయి. "ఇండియా భాషలో నమస్కారం ఏమంటారు?" అని మనల్ని ఎవరైనా అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అందుకని నాకు బాగా తెలిసిన స్వాహిలీ గురించి, అంటే తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే భాష గురించి ఎక్కువ చెబుతాను. టాంజానియాలోని దార్ ఎస్ సలాం నగరంలో ఒక గోదాముల కంపెనీలో 11 ఏళ్లు లెక్కలు చూశాను. పొద్దున లేస్తే ఆ భాషే. మిగతా భాషల్లో, నాతో పనిచేసినవాళ్లు, పక్కింటివాళ్లు, ప్రయాణాల్లో కలిసినవాళ్లు నేర్పిన కొన్ని మాటలు చెబుతాను.

నేను వెళ్లిన మొదటి వారం సంగతితో మొదలుపెడతాను. మా గోదాము గేటు దగ్గర ఒక పెద్దాయన కాపలా ఉండేవారు. అందరూ ఆయన్ని మ్జే అని పిలిచేవారు. మ్జే అంటే ముసలాయన. కానీ అది తక్కువ చేసి అనే మాట కాదు, గౌరవంగా పిలిచే మాట. ఆ రోజు సరుకు లారీ బయట నిలబడి ఉంది, తాళంచెవి ఆయన దగ్గర ఉంది, నాకేమో టెన్షన్. గబగబా వెళ్లి, నాకొచ్చిన రెండు ముక్కల స్వాహిలీలో "ఉఫుంగువో వాపి?" అన్నాను. తాళంచెవి ఎక్కడ అని.

ఆయన లేచి నిలబడ్డారు. నా కళ్లలోకి చూసి, నెమ్మదిగా "హబరి జా అసుబుహి?" అన్నారు. వినపడలేదేమో అనుకుని తాళంచెవి అని మళ్లీ అన్నాను. ఆయన కూడా మళ్లీ అదే అన్నారు, "హబరి జా అసుబుహి?" మూడోసారికి వెనక నుంచి డ్రైవరు "న్జూరి అనండి" అని చెప్పాడు. న్జూరి అన్నాను. అప్పుడు "హబరి జా న్యుంబాని?" న్జూరి. "హబరి జా కాజి?" న్జూరి. అప్పుడు జేబులోంచి తాళంచెవి తీసి రెండు చేతులతో ఇచ్చారు.

ఆయన అడిగింది ఇంతే. పొద్దున ఎలా ఉంది, ఇంటి దగ్గర ఎలా ఉన్నారు, పని ఎలా ఉంది. మొత్తం అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషం గడిచేదాకా, ఆయన దృష్టిలో నేనింకా అక్కడికి రానేలేదు. మనిషి వచ్చాక కదా పని సంగతి!

ఇప్పుడు ఆ హబరి అనే మాట చూడండి. అది అరబ్బీ ఖబర్ నుంచి వచ్చింది. అదే ఖబర్ పారశీకం మీదుగా, ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చి కబురు అయింది. "కబురంపాడు", "చల్లని కబురు చెప్పావు" అంటాం చూశారా, ఆ కబురే. వాళ్లు అడిగేది "పొద్దుటి కబురేంటి, ఇంటి కబురేంటి, పని కబురేంటి" అని. ప్రయాణం నుంచి వచ్చినవాణ్ణి "హబరి జా సఫారి?" అని అడుగుతారు. సఫారి అంటే మనవాళ్లనుకునే సింహాల జీపు కాదండీ. ఏ ప్రయాణమైనా సఫారియే. ఊరెళ్లి పిన్నిని చూసొచ్చినా సఫారియే.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. దుకాణాన్ని దూక అంటారు. వకీలును వకీలి అంటారు. కలం కలాము, రంగు రంగి, సబ్బు సబూని, ఫలానా ఫులాని. తెలంగాణలో ఆసుపత్రిని దవాఖానా అంటాం కదా, అక్కడ మందును దావా అంటారు. ఈ ఊళ్లో నిలబడి తప్పకుండా చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. స్వాహిలీలో ఓడరేవును బందారి అంటారు. పారశీకంలో బందర్ అంటే రేవు. మచిలీపట్నాన్ని మనం బందరు అంటున్నదీ ఆ మాటే. హిందూ మహాసముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఓడలు తిరిగినంత కాలం మాటలూ తిరిగాయి. నేను మొదటిసారి దార్ ఎస్ సలాంలో "బందారి" అని రాసున్న బోర్డు చూసినప్పుడు మన ఊరి పేరు చదివినట్టనిపించి, కాసేపు అక్కడే నిలబడిపోయాను.

హబరికి జవాబు ఎప్పుడూ మంచిగానే మొదలవ్వాలి. న్జూరి, లేదా సలామా. ఒంట్లో బాగోకపోయినా, ఇంట్లో కష్టమున్నా, ముందు న్జూరి అని, తర్వాత "లాకీని..." అంటారు. లాకీని అంటే కానీ. "బాగున్నాం, కానీ పిల్లాడికి జ్వరం." ఇది అబద్ధమాడటం కాదు. మనం ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అంటాం. వెళ్తాను అనకుండా వెళ్లొస్తాను అంటాం. అశుభాన్ని గుమ్మంలోనే ఎదురుగా పెట్టకూడదన్న పట్టింపు వాళ్లకూ ఉంది. పెళ్లయిందా, పిల్లలా అని అడిగితే, లేకపోతే లేదు అనరు. "బాదో" అంటారు. ఇంకా కాలేదు అని అర్థం. అరవై ఏళ్ల బ్రహ్మచారి కూడా బాదో అనే అంటాడు. నాకా మాట చాలా ఇష్టం. తలుపు మూయకుండా ఉంచే మాట అది.

నేను మొదట అన్న హమ్జాంబో సంగతి. జాంబో అంటే విషయం, వ్యవహారం, చిక్కు. ఒక్కరిని అడిగితే "హుజాంబో?", నీకే చిక్కూ లేదు కదా అని. జవాబు "సిజాంబో", నాకే చిక్కూ లేదు. పలువురినైతే "హమ్జాంబో?", వాళ్ల జవాబు "హతుజాంబో". విమానాశ్రయంలో, హోటళ్లలో ఉత్త "జాంబో" వినపడుతుంది. అది టూరిస్టుల కోసం వాడే ముక్క. మీరు అక్కడ ఏళ్ల తరబడి ఉండబోతున్నారు కాబట్టి పూర్తి మాట నేర్చుకోండి. ఈడువాళ్లు, కుర్రాళ్లు "మాంబో?" అంటారు, "పోవా" అని బదులిస్తారు. పోవా అంటే చల్లగా ఉంది, హాయిగా ఉంది అని. ఇది స్నేహితుల మధ్య మాట. పెద్దవాళ్ల దగ్గర వాడకండి.

పెద్దవాళ్ల దగ్గర వాడాల్సింది షికమో.

ఈ మాట గురించి కాస్త ఆగి చెప్పాలి. "నషీకా మిగూ యాకో" అంటే నీ కాళ్లు పట్టుకుంటున్నాను. అదే అరిగి అరిగి షికమో అయిందని చెబుతారు. మన పాదాభివందనమే. కాకపోతే వాళ్లు వంగి కాళ్లు ముట్టుకోరు, మాటతోనే ముట్టుకుంటారు. పెద్దవాళ్ల జవాబు "మరహబా". అరబ్బీలో ఆ మాట ఎవరైనా ఎవరికైనా చెప్పొచ్చు. స్వాహిలీలో మాత్రం షికమోకి జవాబుగానే వస్తుంది. ఇది బానిసల కాలం నాటి లొంగుబాటు మాట, వదిలేయాలి అనేవాళ్లూ అక్కడ ఉన్నారు. కానీ నేను చూసినంతలో ఇళ్లలో, బడుల్లో, బస్సుల్లో అది ప్రేమగానే నడుస్తోంది. బస్సులో ఎక్కిన ముసలమ్మకు పక్కసీటు కుర్రాడు షికమో అంటాడు, ఆవిడ మరహబా అంటుంది, తర్వాత ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు కిటికీలోంచి చూస్తారు. పరిచయం అక్కర్లేదు. వయసు చాలు.

నేను వెళ్లిన కొత్తలో వీధి పిల్లలు మాత్రమే నాకు షికమో అనేవారు. చివరి ఏళ్లకు ఆఫీసులో చేరిన కుర్రాళ్లూ అనడం మొదలుపెట్టారు. జుట్టు తెల్లబడిందని నాకు అద్దం కన్నా ముందు వాళ్లే చెప్పారు. మ్జేకి మాత్రం 11 ఏళ్లూ నేనే అన్నాను. జీతం నాది ఎక్కువ కావచ్చు, కుర్చీ నాది పెద్దది కావచ్చు. ఆయన నాకన్నా 20 ఏళ్లు పెద్ద. అక్కడ లెక్క అదే.

పిలుపుల్లో కూడా చుట్టరికమే. హోటల్లో టీ తెచ్చే అమ్మాయిని దాదా అంటారు, అంటే అక్క. కుర్రాణ్ణి కాకా అంటారు, అంటే అన్న. హిందీలో దాదా అంటే తాత, కాకా అంటే బాబాయి కాబట్టి, హిందీ తెలిసినవాళ్లకు రెండూ తిరగబడినట్టుంటాయి. తాతను బాబు అంటారు. మనం మనవణ్ణి బాబు అంటాం, వాళ్లు తాతను అంటారు. పిల్లల తల్లిని పెద్దబిడ్డ పేరుతో పిలుస్తారు, ముందు మామా అని చేర్చి. మన ఊళ్లలో "బుజ్జి వాళ్లమ్మా" అని పిలవడం లాంటిదే. మా ఆవిడకు అక్కడ సొంత పేరు దాదాపు మరుగున పడిపోయింది. మా అమ్మాయి పేరుతోనే వీధంతా పిలిచేది. టాంజానియాకు తొలి అధ్యక్షుడైన జూలియస్ న్యెరేరేను జనం ఇవాళ్టికీ మ్వలీము అంటారు. మ్వలీము అంటే పంతులుగారు. ఆయన నిజంగానే బడిపంతులుగా పనిచేశారు. ఇన్ని భాషల దేశాన్ని ఒక్క స్వాహిలీ మీద నిలబెట్టింది ఆయన తరమే. 1954 జూలై 7న ఆయన నాయకత్వంలో స్వాతంత్ర్యం కోసం మొదలైన టాను అనే పార్టీ స్వాహిలీని పోరాటభాషగా చేసుకుంది. ఆ తేదీనే యునెస్కో 2021లో ప్రపంచ కిస్వాహిలీ దినోత్సవంగా ప్రకటించింది. స్వాహిలీని ఆ భాషలో కిస్వాహిలీ అంటారు. ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్లు 20 కోట్లకు పైగా ఉంటారని యునెస్కో లెక్క.

సరే, ఇంటికి వెళ్దాం. ఎవరింటికైనా వెళ్తే తలుపు కొట్టడం కాదు, గుమ్మం బయట నిలబడి "హోడి!" అని పిలవాలి. లోపలి నుంచి "కరీబు!" అని వస్తుంది. అది వినపడేదాకా అడుగు వేయకూడదు. కరీబు అంటే దగ్గరికి రా. ఎవరైనా అన్నం తింటుంటే మీరు పక్కగా వెళ్లినా "కరీబు" అంటారు, రండి భోంచేద్దాం అని. మీకు ఆకలి లేకపోతే "అసాంటే" అనండి. లేదా "స్తరేహే" అనండి, మీరు కానివ్వండి, హాయిగా కూర్చోండి అని. అసాంటే అంటే కృతజ్ఞతలు. అసాంటే అన్నవాళ్లకు బదులు మళ్లీ కరీబు. కృతజ్ఞత చెప్పిన మనిషిని కూడా దగ్గరికి రమ్మనే అంటారన్నమాట.

దుకాణంలో ఏదైనా కావాలంటే "నతాకా", అంటే నాకు కావాలి, అనొచ్చు, తప్పు కాదు. కానీ మర్యాదస్తులు "నవోంబా" అంటారు. వేడుకుంటున్నాను అని. "దాదా, నవోంబా చాయ్." ఈ ఒక్క మాట మార్చుకున్నాక మా ఆవిడకు కూరగాయల బజారులో ఎదురయ్యే ముఖాలే మారిపోయాయి.

ఇప్పుడు పోలే.

పోలే పోలే అంటే నెమ్మదిగా అని చాలామందికి తెలుసు. ఒక్కసారి పోలే అంటే వేరే. ఎవరికైనా దెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా, ఎండలో నడిచొచ్చినా, చేతిలో గ్లాసు జారి పగిలినా, చూసినవాళ్లు "పోలే" అంటారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు దాన్ని సారీ అని చెబుతారు. అక్కడే చిక్కు. మనం సారీ అంటే తప్పు ఒప్పుకోవడం అనుకుంటాం. తప్పు చేసినప్పుడు చెప్పే మాట వేరే ఉంది, "సమహానీ". పోలేలో తప్పు ఎవరిదీ కాదు. "అయ్యో పాపం" అంటాం చూడండి, ఆ పాపమే. కాకపోతే మన పాపం మూడో మనిషి గురించి చెప్పే మాట. వాళ్ల పోలే ఎదురుగా ఉన్న మనిషికి నేరుగా ఇచ్చే మాట.

నేనక్కడికి వెళ్లిన నాలుగో ఏడు, సంక్రాంతికి ముందు, మా నాన్నగారు పోయారు. సాయంత్రం ఆఫీసులో ఉండగా ఫోనొచ్చింది. మర్నాటి మధ్యాహ్నం దాకా విమానం లేదు. ఎంత తొందరపడినా దహనం వేళకు చేరలేనని అప్పుడే అర్థమైంది. ఇంటికి వెళ్లి కూర్చున్నాను. కబురు ఎలా పాకిందో తెలియదు, ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పక్కింటివాళ్లు, కూరగాయలమ్మే ఆవిడ, మా లారీ డ్రైవర్లు. ప్రతి ఒక్కరూ గుమ్మంలో హోడి అనడం, లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుని "పోలే సానా" అనడం, చాప మీద కూర్చోవడం. ఎలా జరిగింది, ఎన్నేళ్లు, ఏం జబ్బు అని ఎవరూ అడగలేదు. మాట్లాడలేదు. కూర్చున్నారు, అంతే. మ్జే తన డ్యూటీ దిగి నడుచుకుంటూ వచ్చారు. "పోలే క్వా మ్సీబా" అన్నారు. మ్సీబా అంటే ఇంటికి వచ్చిన చావు, ఆ దుఃఖం. హైదరాబాదులో ముసీబత్ అంటారే, రెండూ ఒకే ఇంటి మాటలు. రాత్రి చాలా పొద్దుపోయేదాకా ఆయన నా పక్కనే ఉన్నారు.

మా నాన్న పోయినప్పుడు మా వాళ్లెవరూ నా దగ్గర లేరు అని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ మాట వాళ్ల భాషలో ఉంది కాబట్టి, దాన్ని మోసుకొచ్చే మనుషులు వచ్చారు.

పోలేని పనిచేసేవాళ్లకు కూడా చెబుతారు. "పోలే నా కాజి", పని శ్రమ పడుతున్నావు, పోలే అని. దారిలో రోడ్డు ఊడుస్తున్న మనిషిని దాటి వెళ్తూ చెప్పే మాట ఇది. ఆ మనిషి తలెత్తి అసాంటే అంటాడు. ఇలా శ్రమను పలకరించడం ఆ ఖండంలో చాలా చోట్ల కనపడింది నాకు. ఉగాండాలో లుగాండా భాషలో "జెబాలే కో" అంటారు, నువ్వు చేసిన పనికి మెచ్చుకోలు అని. నైజీరియా హౌసావాళ్లు పనిలో ఉన్నవాణ్ణి "సన్ను డా ఐకీ" అని పలకరిస్తారు. "ఇనా గజియా?" అని కూడా అడుగుతారు. అలసట ఎలా ఉంది అని! దానికి జవాబు "బా గజియా", అలసట లేదు. లేకుండా ఎలా ఉంటుంది, ఉంటుంది. కానీ అడిగినందుకు సగం తీరుతుంది.

అందరికన్నా ముందున్నది నైజీరియాలోనే ఉండే యోరుబావాళ్లు. వాళ్లకు "ఎ కూ" అని ఒక ముక్క ఉంది. దాని పక్కన ఏ సందర్భం చేరిస్తే ఆ సందర్భానికి పలకరింపు తయారు. పనిచేస్తున్నవాళ్లకు ఎ కూ ఇషే. ప్రయాణం నుంచి వచ్చినవాళ్లకు ఇంట్లోవాళ్లు చెప్పే ఎ కూ ఉంది, ఇంట్లో ఉండిపోయినవాళ్లకు వచ్చినవాళ్లు చెప్పే ఎ కూ ఉంది. పండగకు ఉంది. ఊరికే కూర్చున్నవాళ్లకు కూడా ఉంది, ఎ కూ ఇజోకో. మనిషి ఏ స్థితిలో ఉన్నా ఆ స్థితిలోనే అతన్ని గుర్తించి పలకరించడం. అందులో మొదటి అక్షరం ఎ అనేది మన మీరు లాంటిది, పెద్దలకూ పలువురికీ వాడేది. పెద్దల ముందు మగపిల్లలు నేలకు బోర్లా వంగుతారు, ఆడపిల్లలు మోకాళ్ల మీద ఒంగుతారు. మన సాష్టాంగం ఎరిగినవాళ్లకు అది వింతగా అనిపించదు.

మన పల్లెల్లో ఏముందో కూడా గుర్తు చేసుకోండి. పలుగు భుజాన వేసుకుని వెళ్తున్నవాణ్ణి "ఏం బాబాయ్, పొలానికా?" అంటాం. బుట్ట పట్టుకుని వెళ్తున్నావిడను "బజారుకా వదినా?" అంటాం. కనపడుతూనే ఉంది కదా, మళ్లీ అడగడమెందుకు అని సిటీ పిల్లలు విసుక్కుంటారు. అది ప్రశ్న కాదు నాయనా, మన ఎ కూ అదే. నువ్వు చేస్తున్న పని నేను చూశాను అని చెప్పడం.

చూశాను అంటే గుర్తొచ్చింది. దక్షిణాఫ్రికాలో జులూ భాషలో పలకరింపు "సావుబోనా". అర్థం నిన్ను చూస్తున్నాం అని. ఒక్కడే ఉన్నా చూస్తున్నాం అనే అంటాడు, తనవాళ్లందరి తరఫునా. జవాబు "యేబో", అవును. తర్వాత "ఉంజానీ?" ఎలా ఉన్నావు, "ఙ్గిఖోనా", ఉన్నాను. ఈ మాట మీద వాట్సాప్‌లో పెద్ద పెద్ద వేదాంతాలు తిరుగుతుంటాయి. అంత అక్కర్లేదు. "ఎలా ఉన్నావురా?" అంటే "ఏదో, ఉన్నాను" అంటాం చూశారా, అంత మామూలుగా అంటారు. అందులోనే ఉంది అందం. విడిపోయేటప్పుడు వెళ్తున్నవాళ్లకు "హంబా కాహ్లే", క్షేమంగా వెళ్లు. ఉండిపోయేవాళ్లకు "సాలా కాహ్లే", క్షేమంగా ఉండు. మన లారీల వెనక, ఊరి పొలిమేరల్లో "క్షేమంగా వెళ్లి లాభంగా రండి" అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. జులూ గడ్డ మీదికి మనవాళ్లు కొత్తగా వెళ్లలేదు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల్లో కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతివారు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ మొదటి ఓడ దిగినవాళ్లను ఎవరు ఏ మాటతో పలకరించారో అని నేను చాలాసార్లు ఆలోచించాను. బహుశా ఏ పలకరింపూ లేకుండా నంబరు ఇచ్చి తోటకు తోలి ఉంటారు. పలకరింపు లేని రాక ఎలా ఉంటుందో మన రక్తానికి తెలుసు.

సెనెగల్‌లో వోలోఫ్ భాషలో కూడా "నంగా దెఫ్?" అంటే "మాంగీ ఫీ రెక్", ఇక్కడే ఉన్నాను, అంతే. "అనా వా కెర్ గా?" ఇంట్లోవాళ్లేరీ? "న్యుంగా ఫా", వాళ్లు అక్కడే ఉన్నారు. ఎంత పొదుపైన మాటలో చూడండి. మనిషి ఉన్నచోట ఉన్నాడంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం జింబాబ్వేది. మా ఆఫీసులో రెండేళ్లు పనిచేసిన ఒకాయన మాతృభాష షోనా. ఆయన నేర్పారు. పొద్దున "మంగ్వనాని, మరారా సేయి?" అంటారు. శుభోదయం, ఎలా నిద్రపోయారు? జవాబు, "న్దరారా కానా మరారావో". మీరు నిద్రపోతే నేనూ నిద్రపోయాను. మధ్యాహ్నం అడిగితే మీ పొద్దు బాగా గడిస్తే నా పొద్దూ బాగా గడిచింది. నా క్షేమం నీ క్షేమం మీద ఆధారపడి ఉందని రోజూ పొద్దున్నే ఒకరికొకరు చెప్పుకుంటారు. చెబుతూ చేతులు మెల్లగా చరుస్తారు. మగవాళ్లు అరచేతులు చాచి, ఆడవాళ్లు దొప్పలా పట్టి.

ఇథియోపియా గురించి రెండు ముక్కలు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పడానికి మన వైపు నుంచి చాలామంది వెళ్లారు, ఈ సభలో కూడా ఒకరిద్దరు వెళ్లబోతున్నారని విన్నాను. అక్కడి అమ్హారిక్ భాషలో ఎలా ఉన్నావు అనేది ఎదుటి మనిషిని బట్టి మారుతుంది. మగవాళ్లకు "ఇందెమిన్ నెహ్?", ఆడవాళ్లకు "ఇందెమిన్ నెష్?", గౌరవంగా అయితే "ఇందెమిన్ నొట్?" నువ్వు, మీరు తేడా తెలిసిన మనకు ఇది కష్టం కాదు. క్లాసులో పెద్దవయసు విద్యార్థి ఉంటే మూడోది వాడండి.

స్వాహిలీలోనైనా, అమ్హారిక్‌లోనైనా గంటలు చెప్పేటప్పుడు జాగ్రత్త. వాళ్ల రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. స్వాహిలీలో "సా మ్బీలి", రెండు గంటలు, అన్నారంటే పొద్దున ఎనిమిది. మన పంచాంగంలో కూడా రోజు సూర్యోదయంతోనే కదా మొదలు. ఆరు గంటలు తేడా కట్టుకుంటే సరిపోతుంది.

ఇక నా మనసులో ఉన్న మాట చెబుతాను. నేను వెళ్లిన మొదటి వారంలోనే, మన వైపు నుంచే వచ్చి అక్కడ స్థిరపడ్డ ఒక కుటుంబంవాళ్లు భోజనానికి పిలిచారు. చాలా ప్రేమగా చూశారు. వచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు, 20 స్వాహిలీ మాటలు తెలుగు లిపిలో రాసి. "ఇవి వస్తే చాలు బాబూ, బతికేయొచ్చు" అన్నారు. లేటే, తీసుకురా. న్జో, ఇటు రా. ఓషా, కడుగు. ఫగియా, ఊడ్చు. హరాకా, త్వరగా. 20కి 20 మాటలూ పని చెప్పేవే. ఒక్క షికమో లేదు, ఒక్క పోలే లేదు, అసాంటే కూడా లేదు. ఆ ఇంట్లో వంట చేసే ఆవిడ అక్కడే గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వయసు మా అమ్మ వయసు ఉంటుంది. ఆవిడ రోజంతా వినే తెలుగువాళ్ల స్వాహిలీ ఈ 20 మాటలే అని తట్టేసరికి నాకు అన్నం అరగలేదు. తాళంచెవి ఎక్కడ అని నేను అడిగిన తీరుకు మూలం ఆ కాగితమే.

ఆ కాగితాన్ని చించేయలేదు. వెనక వైపు నా చేత్తో వేరే మాటలు రాసుకున్నాను. ఒక్కో మాట నేర్పినవాళ్లు ఎవరో పక్కనే రాసుకున్నాను. ఇవాళ మీకు చెప్పినవి చాలావరకు అందులోవే. ఇక్కడి నుంచి బయల్దేరేవాళ్లు, దయచేసి, ఆ వెనక వైపుతో మొదలుపెట్టండి. ఉచ్చారణ తప్పు పోతుందని భయపడకండి. నేను మొదటి ఏడాదంతా మరహబా అనాల్సిన చోట న్జూరి అన్నాను. ఎవరూ నొచ్చుకోలేదు. నొచ్చుకునేది అసలు అడగకపోతేనే.

చివరిగా ఇంకొక్క మాట. ఎవరి దగ్గరైనా సెలవు తీసుకునేటప్పుడు "క్వహేరి" అంటారు, శుభంగా వెళ్లిరా అని. దానికి తోడు "వసలిమియే న్యుంబాని" అంటారు. ఇంట్లోవాళ్లందరినీ అడిగానని చెప్పు అంటాం కదా, అక్షరాలా అదే. దానికి మీరు "జిమెఫీకా" అనాలి. మీ సలాములు అందాయి అని అర్థం.

నేను శాశ్వతంగా తిరిగి వచ్చేసే రోజు మ్జే గేటు దగ్గరే ఉన్నారు. నా సామాను ఆటోలో పెట్టించాక షికమో అన్నాను. మరహబా అన్నారు. అప్పటికి ఆయనకు మా ఊరి పేరు, మా అమ్మ సంగతి, మా వీధి సంగతి అన్నీ తెలుసు. ఆ పొద్దుటి లాగే నెమ్మదిగా, ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగారు. అమ్మ ఎలా ఉంది, తమ్ముడు ఎలా ఉన్నాడు, ఊరు ఎలా ఉంది. అన్నిటికీ న్జూరి అన్నాను. చివరికి నా చెయ్యి వదలకుండా "వసలిమియే వోతే" అన్నారు. వోతే అంటే అందరినీ.

బందరులో ఇంతమందిని ఒక్కచోట కలవడం నాకు ఇవాళే కుదిరింది. కాబట్టి ఆయన పంపిన సలాములు మీ అందరికీ ఇప్పుడు అందజేస్తున్నాను. బదులు ఏమనాలో మీకు తెలుసు.

అందరూ ఒక్కసారి అనండి.